భారత్ స్టాంపుల తర్వాత ఏ దేశం? నెలకు వెయ్యి రూపాయల్లో కొత్త సేకరణ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: స్వతంత్ర భారత్ స్టాంపులు ఆల్బమ్‌లో చాలావరకు చేరాయి, మిగిలిన ఖాళీలు నింపాలంటే జేబు ఒప్పుకోవడం లేదు. నెలకు వెయ్యి రూపాయలకు మించకుండా కొత్తగా ఒక దేశం మొదలుపెట్టాలి, ఏది బాగుంటుంది? ఇంట్లో పోగుపడిన డూప్లికేట్లు అమ్మి ఆ డబ్బు దీనికి వాడుకోవచ్చా అని కూడా అడిగారు.

నా సమాధానం: జర్మనీ తీసుకోండి. మొత్తం జర్మనీ కాదు, 1921 నుంచి 1923 చివరిదాకా నడిచిన ద్రవ్యోల్బణ కాలం మాత్రమే. అందులోనూ వాడనివి, అంటే మింట్. విదేశాల నుంచి తెప్పించుకునే శ్రమ వద్దనుకుంటే నిజాం హైదరాబాద్ సంస్థానం. డూప్లికేట్లు అమ్మవద్దు, మార్చుకోండి. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

చవక దేశం ఏది అని వెతకడం మొదలుపెడితే ఎక్కడికీ చేరరు. ఏ దేశం తీసుకున్నా చిల్లర డబ్బులకు వచ్చే స్టాంపులుంటాయి, ఇల్లు తాకట్టు పెట్టినా రానివీ ఉంటాయి. చూడవలసింది ఆ ఖరీదైనవి వరుసలో ఎక్కడ తగులుతాయన్నది. స్వతంత్ర భారత్‌లో మొదటి పేజీలోనే తగులుతాయి. 1947 నవంబరు 21న వచ్చిన జెండా స్టాంపు, మూడున్నర అణాలది, ఎవరైనా కొనగలరు. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ సెట్టులో పది రూపాయల స్టాంపు దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామంది ఆగిపోతారు. స్విట్జర్లాండ్‌లో కూర్వాసియే సంస్థ అచ్చువేసిన ఆ నాలుగు స్టాంపుల సెట్టు లేకుండా భారత్ ఆల్బమ్ తెరిస్తే మొదట కనిపించేది ఖాళీయే. బ్రిటిష్ ఇండియాకు వెళ్తే ఆ ఖాళీలు ఇంకా పెరుగుతాయి.

ఇంకో అపోహ కూడా తీసేయాలి. తక్కువ అచ్చయింది కాబట్టి ధర ఎక్కువ, ఎక్కువ అచ్చయింది కాబట్టి ధర తక్కువ అని లెక్క వేస్తారు. 1840లో వచ్చిన పెన్నీ బ్లాక్ ఆరున్నర కోట్లకు పైగా అచ్చయింది. అయినా మంచి ప్రతికి మంచి ధరే పలుకుతుంది, ఎందుకంటే ప్రపంచంలో సగం మంది సేకర్తలకు అది కావాలి. అచ్చు సంఖ్య కంటే ఎంతమంది వెంటపడుతున్నారన్నదే ధర తేలుస్తుంది. మనం వెతకాల్సింది సరుకు దండిగా ఉండి, వెంటపడేవాళ్లు తక్కువగా ఉండి, వరుస ఎక్కడో ఒకచోట ముగిసే చోటు. జర్మనీ ద్రవ్యోల్బణ కాలంలో ఈ మూడూ ఉన్నాయి.

సరుకు ఎందుకు దండిగా ఉందో అర్థం కావాలంటే ఒక్క తపాలా రేటు చూస్తే చాలు. 1922 జనవరిలో జర్మనీలో ఊరి నుంచి ఊరికి మామూలు ఉత్తరం పంపడానికి 2 మార్కులు. 1923 నవంబరు 1న అదే ఉత్తరానికి 10 కోట్ల మార్కులు. నవంబరు 12కు 1,000 కోట్లు, 20కి 2,000 కోట్లు, 26కు 8,000 కోట్లు. డిసెంబరు 1న 10,000 కోట్లు, దాన్నే కొత్త కరెన్సీలో 10 రెంటెన్‌ఫెన్నిగ్‌లు అన్నారు. ముద్రణాలయం రాత్రింబవళ్లు అచ్చువేసి పంపిన స్టాంపు పోస్టాఫీసుకు చేరేలోపే పనికిరాకుండా పోయేది. ఆ షీట్లు అలాగే మిగిలిపోయాయి. వ్యాపారులు కట్టలకు కట్టలు కొన్నారు. వందేళ్లు దాటినా ఆ కట్టలు ఇంకా తరగలేదు. అందుకే 5,000 కోట్ల మార్కుల స్టాంపు, ఆ వరుసలో అన్నిటికంటే పెద్ద విలువ, ఈరోజు మింట్‌లో దొరికే ధర వింటే ఆశ్చర్యపోతారు. హోటల్లో ఇడ్లీ ప్లేటు అంతకంటే ఖరీదు.

వీటిలో నాకు బాగా ఇష్టమైనది ఒకటి ఉంది. లేత ఆకుపచ్చ రంగు చిన్న స్టాంపు. విలువ 5 ఫెన్నిగ్‌లు, అంటే మార్కులో ఇరవయ్యో వంతు. దాని మీద నల్ల సిరాతో అడ్డంగా 800 టౌజెండ్ అని ముద్ర. టౌజెండ్ అంటే వెయ్యి, కాబట్టి ఎనిమిది లక్షల మార్కులు. పాత విలువకు కొత్త విలువ ఒక కోటీ అరవై లక్షల రెట్లు. కొత్త బొమ్మ చెక్కే తీరిక లేక చేతిలో ఉన్న పాత అచ్చు వాడి, దాని మీద కొత్త అంకె కొట్టేశారు. ఆ కంగారు కాగితం మీద కంటికి కనిపిస్తుంది. ముద్ర కొన్నింటి మీద పక్కకు జరిగి ఉంటుంది, కొన్నింటి మీద సిరా పలచబడి ఉంటుంది. వీటిని భూతద్దంతో చూస్తూ కూర్చుంటే ఒక సాయంత్రం గడిచిపోతుంది, జేబులోంచి పోయింది పది రూపాయలు.

నవంబరు 26 నుంచి 30 దాకా ఇంకో విచిత్రం. రేటు ఒక్కసారిగా నాలుగు రెట్లయింది, అంత విలువ ఉన్న స్టాంపులు సరిపడా లేవు. ప్రతి స్టాంపునూ దాని మీద రాసిన విలువకు నాలుగు రెట్లుగా లెక్కించమన్నారు. కాబట్టి ఆ ఐదు రోజుల్లో వేసిన ఉత్తరం మీద 2,000 కోట్ల స్టాంపు ఒక్కటే ఉంటుంది, కానీ అది 8,000 కోట్ల పని చేసింది. నిజమైన తేదీ ముద్రతో అలాంటి కవర్ దొరికితే వదలకండి. అది నెల బడ్జెట్ దాటినా సరే, రెండు నెలలు ఆగి కొనండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మామూలుగా వాడిన స్టాంపు చవక, మింట్ ఖరీదు. ఇక్కడ తలకిందులు: మింట్ చవక, వాడినది ఖరీదు. కారణం పైన చెప్పినదే. కొన్ని విలువలు చెల్లుబాటైనది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజుల్లో నిజంగా ఉత్తరం మీద వెళ్లినవి తక్కువ. ధరలో తేడా ఉన్నచోట మోసం ఉంటుంది. పది రూపాయల మింట్ స్టాంపు మీద దొంగ తపాలా ముద్ర వేస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఈ పని 1920ల నుంచే చేస్తున్నారు. జర్మనీలో ఇన్‌ఫ్లా బెర్లిన్ అనే సేకర్తల సంఘం ఉంది, ఆ కాలపు స్టాంపులే దాని పని. దాని నిపుణులు పరీక్షించిన స్టాంపుల వెనక చిన్న ముద్ర ఉంటుంది. అలాంటి పరీక్ష లేకుండా పాత ఆల్బమ్‌లలో వచ్చే వాడిన స్టాంపులకు మింట్ ధర మాత్రమే ఇవ్వండి. అమ్మేవాడు ముద్ర అసలైనదేనని ఎంత గట్టిగా చెబితే నేను అంత తక్కువ ఇస్తాను.

సరే, మింట్ అంతా ఏడాదిలో నిండిపోతే తర్వాత ఏం చేయాలి అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడే ఈ ఎంపికకు అసలు బలం ఉంది. ఒకే బొమ్మ, ఒకే విలువ, ఒకే రంగు ఉన్న స్టాంపు రెండు రకాల వాటర్‌మార్కుల (కాగితం తయారీలోనే లోపల పడే గుర్తుల) కాగితం మీద వచ్చింది. పాతది డైమండ్ గళ్లు, కొత్తది వల లాంటి అల్లిక. కొన్ని విలువల్లో ఒకటి చిల్లర, రెండోది గౌరవంగా దాచుకోవాల్సినది. 1923 చివరి స్టాంపుల్లో కొన్నింటికి అంచున మామూలు రంధ్రాల పెర్ఫొరేషన్, అవే కొన్నింటికి రంధ్రాలు లేకుండా కాగితాన్ని కోసి వదిలిన రూలెట్. కొన్ని చదును పలకతో అచ్చయ్యాయి, కొన్ని తిరిగే సిలిండర్‌తో. షీటు అంచు కాగితం అతుక్కుని ఉన్న స్టాంపుల్లో ఈ అచ్చు తేడా తెలుస్తుంది, కాబట్టి అంచుతో ఉన్నవి దొరికితే ఆ అంచు చించకండి. మనవాళ్లు ఆల్బమ్‌లో అందంగా ఇమడడం లేదని అంచు కత్తిరించేయడం నేను చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

వాటర్‌మార్కు చూడటానికి ప్రత్యేక పరికరం కొననక్కర్లేదు. నల్లటి చిన్న పళ్లెంలో స్టాంపును బోర్లా పెట్టి, సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలు రెండు చుక్కలు వేస్తే గళ్లు నల్లగా తేలుతాయి, ఆరాక జిగురుకు ఏమీ కాదు. కిటికీ తెరిచి ఉంచండి, దీపం, అగరుబత్తి దగ్గర పెట్టుకోకండి. చాలా స్టాంపులకు ఆ అవసరం కూడా రాదు, టేబుల్ లైటు కింద వంచి పట్టుకుంటే కనిపిస్తుంది.

డబ్బు విషయంలో ఇంకో మాట. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు స్టాంపు ధర కాదు, పోస్టేజీ మిమ్మల్ని ముంచుతుంది. ఒక యూరో స్టాంపు కోసం దానికి ఎన్నో రెట్లు రవాణా చార్జీ కట్టి, పైన కస్టమ్స్ కడితే ఏ దేశమైనా ఖరీదే. మూడు నాలుగు నెలల డబ్బు దాచి, ఒకే విక్రేత దగ్గర ఒక పాత ఆల్బమ్ మొత్తం, లేదా స్టాక్‌బుక్ (స్టాంపులు దోపి దాచే పుస్తకం) నిండా ఉన్న లాట్ ఒకేసారి కొనండి. ద్రవ్యోల్బణ కాలం జర్మన్ ఆల్బమ్‌లు వేలంలో తరచు వస్తాయి. తాతలు పోగుచేసినవి మనవలు వదిలించుకుంటున్నారు. ఒక ఆల్బమ్‌తో మీకు వరుసలో సగానికి పైగా వచ్చేస్తుంది, ఆ తర్వాత ఖాళీలు మాత్రమే వెతుక్కోవచ్చు. మీ ఊళ్లో ఇంకొకరు ఇదే ఆసక్తితో ఉంటే కలిసి తెప్పించండి.

కేటలాగ్ కూడా కొత్తది కొనకండి. జర్మనీకి మిషెల్ కేటలాగ్ ప్రామాణికం. పదేళ్ల పాత ప్రతి సగానికి సగం తక్కువకు దొరుకుతుంది, స్టాంపుల వరుస, వాటర్‌మార్కు వివరాలు అందులో మారవు. ధరలు మారతాయి, కానీ ఆ ధరలను నమ్మాల్సిన పని లేదు. కేటలాగ్‌లో కనీస ధర అని వేసేది స్టాంపు విలువ కాదు, వ్యాపారి దాన్ని వెతికి, కవర్‌లో పెట్టి మీకివ్వడానికి పట్టే శ్రమ విలువ. కాబట్టి కనీస ధర స్టాంపులు వెయ్యి ఉంటే వాటి విలువ దానికి వెయ్యి రెట్లు అనుకోకండి. ఈ లెక్కతో లక్షాధికారులైన వాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు, కాగితం మీద.

మీరు కోస్తాలో ఉంటారని రాశారు. మింట్ సేకరించేవారికి అది చెప్పుకోదగ్గ సమస్య. వానాకాలం గాలికి వెనక జిగురు మెత్తబడి స్టాంపు పేజీకి పట్టేస్తుంది. గోధుమ రంగు మచ్చలు మొదలైతే పక్కనున్న వాటికీ పాకుతాయి. స్టాక్‌బుక్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. నెలకోసారి పొడిగా ఉన్న రోజున పేజీలు తిప్పండి. చవక స్టాంపే కదా అని లామినేషన్ చేయించకండి, దయచేసి.

నిజాం హైదరాబాద్ రెండో ఎంపిక అన్నాను. కొందరికి ఇదే మొదటిది కావచ్చు. 1869లో మొదలై, 1950 ఏప్రిల్ 1న తపాలా భారత ప్రభుత్వంలో కలిసిపోవడంతో ముగిసిన వరుస ఇది. పేజీలు తక్కువ, సరుకు మన దగ్గరే ఉంది, పోస్టేజీ బెడద లేదు. 1931లో వచ్చిన బొమ్మల సెట్టులో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ద్వారం, బీదర్ మదరసా ఉన్నాయి. అణా విలువ చార్మినార్ స్టాంపు వాడినది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. 1937 రజతోత్సవ సెట్టులో ఉస్మానియా ఆసుపత్రి, యూనానీ ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం. చివరి రోజుల్లో వచ్చిన మూడు అణాల స్టాంపు మీద ఓరుగల్లు కోట కాకతీయ తోరణం, ఆరు అణాల దాని మీద గోల్కొండ.

అయితే ఈ బొమ్మల కంటే 1871 తర్వాత దశాబ్దాల పాటు నడిచిన అర అణా స్టాంపు నాకు ఎక్కువ పని పెట్టింది. బొమ్మ ఒకటే, రంగు మాత్రం నారింజ కలిసిన గోధుమ నుంచి ఇటుక ఎరుపు దాకా పోతుంది, పెర్ఫొరేషన్ కూడా మారుతుంది. గుప్పెడు కొని తెల్ల కాగితం మీద పరిచి పగటి వెలుతురులో రంగుల వరుస పేర్చండి. దాని మీద సర్కారీ అని ఉర్దూలో అదనపు ముద్ర ఉంటే అది ప్రభుత్వ ఉత్తరాలకు వాడినది, దాన్ని వేరే పేజీలో పెట్టాలి. నిజాం స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి, బయటికి పంపాలంటే అక్కడే ఉన్న బ్రిటిష్ ఇండియా పోస్టాఫీసులకు వెళ్లాల్సి వచ్చేది. కాబట్టి రెండు తపాలాలూ నడిచిన ఊళ్ల కవర్లు పక్కపక్కన పెడితే మంచి పేజీ అవుతుంది. మొదటి స్టాంపులకు తర్వాత వేసిన రీప్రింట్లు ఉన్నాయి, తెలిసినవారికి చూపించకుండా 1869, 1871 నాటివి పెద్ద ధరకు కొనకండి.

యానాం వైపు వారైతే ఫ్రెంచి ఇండియా కూడా చూడవచ్చు. 1892 నుంచి 1954 దాకా వచ్చిన వరుస. చిన్న విలువలు బాగానే అందుతాయి. 1923 తర్వాతి వాటి మీద విలువలు కాష్, ఫనం, రూపాయల్లో ఉంటాయి. ఫ్రాన్స్ లిబ్ర, అంటే స్వేచ్ఛా ఫ్రాన్స్, అనే అదనపు ముద్ర ఉన్న యుద్ధకాలపు స్టాంపుల జోలికి మాత్రం నిపుణుల సర్టిఫికెట్ లేకుండా వెళ్లకండి. యానాం తపాలా ముద్ర స్పష్టంగా ఉన్న స్టాంపు కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను, మీకు దొరికితే నాకూ చెప్పండి.

తూర్పు జర్మనీ గురించి చాలామంది సలహా ఇస్తారు. 1949లో మొదలై 1990 అక్టోబరులో దేశంతోపాటే ముగిసింది, స్టాంపులు అందంగా ఉంటాయి, ధర తక్కువ. అభ్యంతరమేమీ లేదు. రెండు సంగతులు తెలుసుకుని దిగండి. మొత్తం మూడు వేలకు పైగా ఉంటాయి, అంటే ఆల్బమ్ పేజీల ఖర్చే స్టాంపుల ఖర్చును మించవచ్చు. చాలా ఏళ్లపాటు ఎన్నో సెట్లలో ఒక స్టాంపును కావాలని తక్కువగా అమ్మారు, అది దొరకక సెట్టు నిండదు. ఇంకా, వెనక జిగురు చెక్కుచెదరకుండా మూలలో నీటుగా ముద్ర ఉన్నవన్నీ తపాలా శాఖ తానే ముద్రవేసి సేకర్తలకు అమ్మినవి, ఉత్తరం మొహం చూడనివి. బొమ్మ కోసమైతే పరవాలేదు, తపాలా చరిత్ర కావాలంటే వాటిలో ఏమీ లేదు.

బ్రిటన్‌లో 1967 నుంచి దశాబ్దాల పాటు నడిచిన రాణి బొమ్మ, శిల్పి ఆర్నాల్డ్ మాచిన్ పేరుతో పిలిచే మాచిన్‌లు, ఓపిక ఉన్నవారికి. కాగితంతో సహా కిలోల లెక్కన కొని నానబెట్టి విడదీసుకోవచ్చు. 2009 తర్వాతివి నీళ్లలో సులువుగా ఊడవు, వాటిని కాగితంతోనే కత్తిరించి ఉంచండి.

వద్దనేది ఒకటే చెబుతాను. 1960ల చివర, 70ల మొదట్లో అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా అనే గల్ఫ్ సంస్థానాల పేర్లతో వచ్చిన మెరిసే స్టాంపులు. చిన్నప్పుడు మనం పుస్తకాల షాపుల్లో ప్యాకెట్లలో కొన్నవి అవే. ఏజెంట్లు సేకర్తల జేబుల కోసమే వేయించినవి, వీటిలో చాలావాటిని కేటలాగ్‌లే పూర్తిగా గుర్తించవు, వరుస ఎక్కడ ముగుస్తుందో తేలదు. పిల్లలకు ఇవ్వండి, వాళ్లకు అవే నచ్చుతాయి.

ఇక డూప్లికేట్లు. వ్యాపారికి తీసుకెళ్తే తూకం వేసినంత పనిచేస్తాడు, అతని తప్పేమీ కాదు, అతని దగ్గరా అవే ఉంటాయి. అదే జర్మనీలో ఉన్న సేకర్తకు 1950, 60, 70లలో వచ్చిన మన వాడిన స్టాంపులు అంత సులువుగా దొరకవు. ఆయన దగ్గర ద్రవ్యోల్బణ కాలం మింట్ షీట్లకు షీట్లు పడి ఉంటాయి. ఇద్దరికీ లాభం, డబ్బు చేతులు మారదు. మొదటిసారి యాభై స్టాంపులకు మించి పంపకండి, మనిషి ఎలాంటివాడో తెలియాలి కదా. కేటలాగ్ సంఖ్యలతో జాబితా రాసి ఒక నకలు దగ్గర పెట్టుకోండి. ముద్ర ముఖం మీద మసిబూసినట్టున్నవి, అంచు పళ్లు విరిగినవి, కాగితం పలచబడినవి ముందే తీసేయండి, ఒక్కటి అలాంటిది వెళ్లినా రెండోసారి జవాబు రాదు. ట్రాకింగ్ ఉన్న పద్ధతిలో పంపండి, లోపల ఏముందో కస్టమ్స్‌కు తెలిపే సిఎన్ 22 చీటీ నింపండి. కౌంటర్‌లో ప్రింటు స్టిక్కర్ అంటించబోతే ఆపి, స్మారక స్టాంపులే అంటించనిమ్మని, చేత్తో నీటుగా ముద్ర వేయమని అడగండి. కొందరు విసుక్కుంటారు, కొందరు సంతోషంగా వేస్తారు. లోపలి యాభై స్టాంపుల కంటే ఆ కవరే అవతలి వ్యక్తికి ఎక్కువ నచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.